రెండో వరసలో పిళ్ళయార్

"మరిదీ, టీచరమ్మ పోయింది," అన్నది ఫోన్‌లో వదిన. మా మేనత్త చనిపోయిందన్న సంగతి నాకు ఆ మూడు మాటల్లో తెలిసింది. వదిన అంటే సొంత వదిన కాదు, గుడియాత్తంలో అత్త పక్కింటి నేతగాడి భార్య. అత్త ఉదయం కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలిందట. అంతే. నేను అప్పుడు వేలూరు పక్కన బాగాయంలో కడుతున్న ఒక ఇంటి మిద్దె మీద ఉన్నాను. మా నాన్న మేస్త్రీ, నేను ఆయన దగ్గరే కొలతలు చూస్తాను. వదిన ఆ రోజు మెల్లగా మాట్లాడింది. ఆ వీధి నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చినా మగ్గాల చప్పుడుకి కేకలేయాల్సిందే. ఆ రోజు వీధి మొత్తం మగ్గాలు ఆపేసింది.

నాన్నకు చెప్పాను. తాపీ కింద పెట్టి, తొట్టిలో చేతులు కడుక్కుని, "మా అక్క ఎప్పుడూ పని మధ్యలో నన్ను పిలిచింది లేదప్పా. ఇదే మొదలు," అన్నాడు. ఇద్దరం బండి మీద బయలుదేరాం. దారి పొడుగునా ఆయన నా భుజం మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు.

అత్త మీకెవరికీ తెలియదు. తెలియాల్సినంత పెద్ద పని ఏదీ చెయ్యలేదని ఆమే అనేది. గుడియాత్తంలో నేతవాళ్ల వీధిలో, ఇంటి ముందు గదిలో టైపు నేర్పేది. కాలం మారి టైపు మిషన్లు అల్మరా మీదికి ఎక్కాయి, కింద బల్లల మీదికి పాత కంప్యూటర్లు వచ్చాయి. బోర్డు మీద మాత్రం 'టైపు' అనే ఉంది. ఎందుకు మార్చవని అడిగితే, "బోర్డు చూసి ఎవురొస్తారురా? పక్కింటామె చెప్తే వస్తారు," అన్నది. ఈ అక్షరాలు నాకు నేర్పింది కూడా ఆమే. ఉండేది తమిళనాడులోనైనా మా ఇళ్లలో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం వచ్చినవాళ్లు మాత్రం ఒకరో ఇద్దరో. అత్త చిన్నప్పుడు కొన్నాళ్లు చిత్తూరులో చదివింది కాబట్టి ఆమెకు వచ్చు. ఇప్పుడు ఇది రాసి మా నాన్నకు నేనే చదివి వినిపించాలి.

నేను చదువుకున్నది కాలేజీలో తక్కువ, కరపత్రాల్లో ఎక్కువ. వేలూరు బస్టాండు దగ్గర, మీటింగుల దగ్గర, ఎవరు ఏది పంచినా వదలను. కులం వద్దన్నవి, మూఢనమ్మకాలు వద్దన్నవి, సాఫ్ట్‌వేర్ అందరికీ స్వేచ్ఛగా ఉండాలన్నవి. అత్త తన కంప్యూటర్లలో డబ్బు పెట్టి కొనక్కర్లేని లినక్స్ వేసిందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. జేబులో కరపత్రంతో పరుగెత్తుకుంటూ పోయి, గడపలోనే నిలబడి, జ్ఞానం ఎవరి సొత్తూ కాదని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె అంతా విని, "స్వేచ్ఛ ఉండనీ నాయనా, ముందు చెప్పులు బయట ఇడువు," అన్నది.

అట్లాంటి మనిషి. పిల్లలు వచ్చే ముందు ప్రతి కీబోర్డునూ కొంగుతో తుడిచేది. స్టీలు గ్లాసులో కాఫీ పోసుకుని, చల్లారకుండా సీపీయూ పెట్టె మీద పెట్టేది. శుక్రవారం మానిటర్ నెత్తిన మూర మల్లెపూలు. నేను చూసి మండిపడితే, "సామికి కాదురా, దానికి వేడి జాస్తి," అని అబద్ధం చెప్పేది. ఆ అబద్ధం నాకోసమే చెప్పేదని ఇద్దరికీ తెలుసు.

ఒకసారి చుట్టాల పెళ్లి కార్డు విషయంలో కొట్లాట పెట్టుకుని నేరుగా అత్త దగ్గరికి పోయాను. కార్డు మీద ప్రతి పేరు వెనకా కులం పేరు అచ్చువేశారు, నా పేరుకు కూడా తగిలించారు. ఈ తోకలు తెంచనిదే మనం మనుషులం కాలేమని కరపత్రంలో ఉంది, నేనూ అదే అరిచాను. అత్త ఏదో పనిలో ఉంది. ఆమె భుజం మీంచి స్క్రీన్ చూసి ఆగిపోయాను. ఆమె ఫైళ్లలో ఒక్కదానికీ పేరు చివర చుక్క లేదు, చుక్క తర్వాత ఉండే మూడక్షరాల తోక లేదు. 'గళ్లు', 'పరీక్ష', 'తమ్ముడి ఇల్లు' అని ఉత్త పేర్లే.

"అత్తా! నువ్వూ మా పక్షమే!"

"ఏ పక్షమూ కాదప్పా. తోక టైపు చెయ్యను బద్ధకం."

"మరి ఏది బొమ్మో, ఏది ఉత్తరమో, ఏది నడిచే స్క్రిప్టో దానికెట్ల తెలుస్తుంది?"

అప్పుడు కుర్చీ జరిపి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు తెలిసినంతలో మీకూ చెప్తాను. మనం ఫోల్డరు తెరిస్తే ఫైళ్లను చిన్న చిన్న బొమ్మలుగా వరుసపెట్టి చూపిస్తుందే, దాన్ని ఫైల్ మేనేజర్ అంటారు. అది ముందు పేరు చివర చూస్తుంది. అక్కడ తనకు తెలిసిన తోక ఉంటే దాన్నే నమ్మేస్తుంది. తోక లేదనుకోండి, అప్పుడు తలుపు తీసి లోపల మొదట్లో ఉన్న కాసిని అక్షరాలు చదువుతుంది. ఫొటోకి మొదట్లో ఒక రకం గుర్తులుంటాయి, పీడీఎఫ్‌కి ఇంకో రకం. స్క్రిప్టు అంటే కంప్యూటర్ చెయ్యాల్సిన పనులు మామూలు అక్షరాల్లో రాసిపెట్టిన కాగితం. దానికి మొట్టమొదట # గుర్తు, దాన్ని ఆనుకుని ! గుర్తు ఉంటాయి. ఆ పక్కనే, ఈ కాగితాన్ని చదివి నడిపించాల్సినవాడి చిరునామా. పైథాన్, షెల్ అని అట్లా చదివేవాళ్లు కొందరున్నారు; పైథాన్ చదవాలంటే పైథాన్ చిరునామా, షెల్ చదవాలంటే షెల్‌ది. ఆ చిరునామా చూసి ఇది ఫలానా స్క్రిప్టు అని ఫైల్ మేనేజర్ తగిన బొమ్మ వేస్తుంది.

అత్త ఊరుకోలేదు. ఒక స్క్రిప్టుకి కావాలని ఫొటో తోక తగిలించింది. వెంటనే దాని బొమ్మ ఫొటోగా మారింది. రెండుసార్లు నొక్కితే ఫొటోలు చూపించేది తెరుచుకుని, ఇది నాకు అర్థం కాలేదని చెప్పింది.

"చూసినావా? తోక ఉంటే లోపల ఏముండాదో చూడదు. నీ పెళ్లి కార్డోళ్లు గూడా అంతే."

నేను గెలిచానని ఎగిరాను. ఆమె నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఆగు, నాయనా. తోక కోసేసి తిరిగితే చాలదు. మొదటి వరస సరిగ్గా రాసుకోవాల. అది గూడా లేకపోతే నిన్ను చూసి ఏమంటారు? తలా తోకా లేనోడంటారు."

ఆ తర్వాత మీటింగుల్లో కులం తోక గురించి మాట్లాడినప్పుడల్లా ఈ మాట వాడాను. అత్త చెప్పిందని చెప్పి మరీ వాడాను. చప్పట్లు కొట్టారు. ఆమెకు చెప్తే, "నా పేరెందుకురా లాగినావు?" అంటూనే ఆ రోజు నాకు పెరుగు వడలు చేసిపెట్టింది.

ఇక వదిన సంగతి. వదిన మొగుణ్ణి నేను అన్నా అంటాను. ఆయనది గుంట మగ్గం, లుంగీ గళ్లు నేస్తాడు. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, ఇచ్చే షావుకారు పాత గళ్లు అమ్ముడు పోవడం లేదని పడుగు ఇవ్వడం ఆపేశాడు. మగ్గం ఖాళీగా నిలబడింది. వేలూరులో ఒక బట్టల కొట్టువాళ్లు కొత్త గళ్లు ఉంటే చూపించమన్నారు, నచ్చితే పడుగు వాళ్లే ఇస్తామన్నారు. నచ్చకపోతే మగ్గం విప్పేసి, అన్న మా నాన్న దగ్గరికి ఇటుక మొయ్యడానికి రావడమే. "రమ్మను, చేతులుండాయి గదా," అన్నాడు నాన్న మంచి మనసుతోనే. అన్న ఆ మాట విని తన చేతుల వైపు చూసుకున్నాడు. పోగు తప్ప ఇంకేదీ పట్టని చేతులవి.

వదిన అత్త దగ్గర టైపు నేర్చుకుంది. ఇద్దరూ కూర్చుని పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసుకున్నారు. ఏ రంగు పోగులు ఎన్నో వరసగా రాసిస్తే, నేస్తే గుడ్డ ఎట్లా ఉంటుందో ఆ గళ్ల బొమ్మ గీసి చూపిస్తుంది. పోగు వృథా కాకుండా, నెయ్యకముందే గుడ్డ చూడొచ్చు. వదిన రోజంతా రంగులు మార్చి మార్చి చూసేది. ఒకరోజు కెవ్వుమంది.

"టీచరమ్మా! నా గళ్లు యాడికి పోయినాయి? ఇప్పుడే పెట్టినా, ఇప్పుడే లేదు!"

అత్త చూసి నవ్వింది. వదిన ఫైలు పేరుకు ముందు చుక్క పెట్టింది. లినక్స్‌లో పేరు ముందు చుక్క పెడితే ఆ ఫైలు కనబడకుండా దాక్కుంటుంది. చుక్కని మా వైపు అందరూ తమిళంలో పుల్లి అంటారు. తమిళంలో అక్షరం నెత్తిన పుల్లి పెడితే అది పొల్లు అయిపోతుంది.

"పుల్లి పెడితే అక్షరం ఏమైతాదమ్మే?"

"నోరు మూసుకుంటాది."

"ఫైలు గూడా అంతే. నోరు మూసుకుని మూల కూర్చుండాది. పుల్లి తీసెయ్, లేచి వస్తాది."

వదిన ఇంకెప్పుడూ ఆ తప్పు చెయ్యలేదు. ఇంకో తప్పు చేసింది. అది ఆంధ్రాలో ఎవరూ చెయ్యరు, మా వైపే చేస్తారు.

కొట్టు మేనేజరు శుక్రవారం పొద్దున అత్త టైపు సెంటరుకి వచ్చాడు. మధ్యాహ్నం బస్సుకి తిరిగి వేలూరు పోవాలని ముందే చెప్పాడు. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. అన్న గడప బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. వదిన తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వచ్చి, మంచి రోజని స్క్రిప్టు మొత్తం తెల్లవారగానే కొత్త ఫైల్లో టైపు చేసి పెట్టింది. మేనేజరు కుర్చీలో కూర్చోగానే దాని మీద రెండుసార్లు నొక్కింది.

గళ్లు రాలేదు. అక్షరాలు వచ్చాయి. స్క్రిప్టుని నడిపించకుండా, ఉత్త కాగితంలా తెరిచి చూపించింది.

"ఏమమ్మా, గుడ్డ చూపిస్తానని పిలిచి పద్యం చూపిస్తున్నావే?" అన్నాడు మేనేజరు తమిళంలో. వదిన మళ్లీ నొక్కింది. మళ్లీ అక్షరాలే. గడప దగ్గర అన్న తల వంచుకున్నాడు.

నేను వంగి చూశాను. మొట్టమొదటి వరసలో # గుర్తు పెట్టి, దాని పక్కన తమిళ 'ఉ' ఒక్కటే ఉంది. స్క్రిప్టు అసలు మొదటి వరస దాని కింద. మీరు కాగితం మీద 'శ్రీ' రాసి మొదలుపెట్టినట్టు ఇక్కడ పిళ్ళయార్ సుళి పెట్టి మొదలుపెడతారు. పిళ్ళయార్ అంటే వినాయకుడు. ఉత్తరమైనా, సామాన్ల చీటీ అయినా, పరీక్ష పేపరైనా నెత్తిన ఆ 'ఉ' ఉండాల్సిందే. ఫైల్ మేనేజర్ తలుపు తీసి మొదటి అక్షరాలు చూసింది. అక్కడ # పక్కన ! లేదు, వినాయకుడున్నాడు. ఇది స్క్రిప్టు కాదు, మామూలు రాత అనుకుంది.

నాకు కోపం ఆగలేదు.

"చూసినావా వదినా? నోటి దగ్గరికొచ్చిన అన్నానికి మీ సామే అడ్డం నిలబడినాడు! తీసెయ్, ఇప్పుడే తీసెయ్!"

"తీయను."

"మగ్గం పోతాది వదినా!"

"ఆయన్ని తీసేసి మొదలుపెడితే మాత్రం నిలబడతాదా? నేను తీయను మరిదీ. నువ్వు గమ్మునుండు."

మేనేజరు వాచీ చూసుకున్నాడు. నేను చెయ్యి చాపి నేనే చెరిపేసేవాణ్ణి. వదిన కీబోర్డు మీద రెండు చేతులూ కప్పేసింది, కోడిపెట్ట పిల్లల్ని కప్పుకున్నట్టు. అప్పుడు అత్త వంటింట్లోంచి మేనేజరుకి కాఫీ తీసుకుని వచ్చింది. గ్లాసు ఆయన చేతికిచ్చి, స్క్రీన్ వైపు చూసి, మా ఇద్దరి మొహాలూ చూసి, ఫక్కున నవ్వింది.

"ఇంతేనా? ఇద్దరూ దీనికేనా ఇంత యుద్ధం? జరుగమ్మే." వదిన చేతులు మెల్లగా ఎత్తి పక్కన పెట్టింది. "ఆయన్ని లేపద్దు, పంపించద్దు. ఒక వరస కిందికి జరగమంటే జరుగుతాడు. పెద్ద కడుపాయన, ఓపికుండాది."

పిళ్ళయార్ సుళి ఉన్న వరసని అట్లాగే కత్తిరించి, కింద రెండో వరసలో అతికించింది. # గుర్తూ ! గుర్తూ ఎగబాకి మొట్టమొదటికి వచ్చాయి. సేవ్ చెయ్యగానే ఆ ఫైలు బొమ్మ మా కళ్ల ముందే మారింది. అది నడవడానికి కావాల్సిన అనుమతి కూడా మరిచిపోకుండా ఇచ్చి, "ఇప్పుడు నొక్కు," అన్నది వదినతో.

గళ్లు వచ్చాయి. ముదురు మెరూన్, దాని అంచున సన్నటి పసుపు, మధ్యలో జంట తెలుపు. మేనేజరు కాఫీ గ్లాసు కింద పెట్టి ముందుకు వంగాడు. పసుపు ఇంకొంచెం తగ్గించమన్నాడు. వదిన ఒక అంకె మార్చి మళ్లీ నొక్కింది. తెలుపు ఒంటిగా చూపించమన్నాడు, చూపించింది. మళ్లీ జంటే బాగుందన్నాడు. పోయే ముందు, పడుగు ఎప్పుడు పంపాలని అన్నని అడిగాడు. అన్న తల ఆడించి, పక్కింటికి పోయి, మగ్గం గుంటలోకి దిగి ఖాళీ మగ్గం తొక్కుపలకలు తొక్కి చూసుకున్నాడు. ఆ చప్పుడు మాకు గోడ ఇవతలికి వినిపించింది.

ఆ మధ్యాహ్నం అత్తతో వాదించకుండా ఉండలేకపోయాను. # పెట్టిన మామూలు వరసని కంప్యూటర్ చదవదు, వదిలేసి పోతుంది. అది మనుషుల కోసం రాసుకునే మాట.

"అంటే ఏందత్తా? రెండో వరసలో మీ సామి ఉన్నా కంప్యూటర్ పట్టించుకోదు. అంతే గదా!"

"పట్టించుకోకపోయినా ఆయన ఉండాడు. నేను చెప్పేదీ అదేరా."

దీనికి జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను. దొరికినా చెప్పడానికి ఆమె లేదు.

మరి మొదటి వరస ఎందుకంత ముఖ్యం అని పిల్లలు అడిగితే అత్త చెప్పేది: "ఆ # గుర్తూ ! గుర్తే కంప్యూటర్ పెట్టుకునే పిళ్ళయార్ సుళి. ఒకరి వాకిట్లో ఇంకొకరు ముగ్గేస్తే ఊరుకుంటారా? వాళ్లది వాళ్లని ఏసుకోనీ. మనది వాకిలి దాటినాక." ఆ సెంటరులో చదివిన ప్రతివాళ్లూ ఇప్పటికీ స్క్రిప్టు రాస్తే సుళిని రెండో వరసలోనే పెడతారు. వేలూరులో ఒక ఆఫీసులో పనిచేసే ఒకతను, రెండో వరస చూసి ఇంకొకామెని నువ్వు గుడియాత్తం టీచరమ్మ దగ్గర చదివావా అని అడిగాడట. అవునన్నదట. ఈ సంగతి అత్తకు చెప్పినప్పుడు ఆమె కొంగుతో మూతి కప్పుకుని చాలాసేపు నవ్వింది.

నేను నా స్క్రిప్టుల్లో రెండో వరస ఖాళీగా వదిలేస్తాను. నా నమ్మకం నాది. ఒకసారి అత్త అది చూసి, "ఇక్కడేం లేదే?" అన్నది.

"నాకెవరూ లేరత్తా, అక్కడ పెట్టడానికి."

"ఉండనీలే. ఎప్పుడన్నా వస్తే కూర్చోడానికి చోటుండాది."

కోపం వచ్చి ఆ వరస తీసేయాలనుకున్నాను. తియ్యలేదు. ఖాళీ వరస ఉంటే చదవడానికి బాగుంటుంది, అందుకని.

అత్తని సాగనంపిన రోజు ఇల్లు పట్టనంత మంది వచ్చారు. ఎప్పుడో టైపు నేర్చుకున్న పెద్దవాళ్లు, నిన్న మొన్న చేరిన పిల్లలు. మోర్ధానా నుంచి ఒకామె పొలం పని వదిలి, మట్టి కాళ్లతోనే బస్సెక్కి వచ్చింది. ఉపన్యాసాలు ఎవరూ ఇవ్వలేదు. నేను కూడా ఇవ్వలేదు, అది చూసి నాన్న నాకు జ్వరమేమో అనుకుని నుదురు ముట్టి చూశాడు. సెంటరు ఏమవుతుందని ఎవరో అడిగితే, "నేనుండా గదా," అన్నది వదిన, అదొక పెద్ద మాటేమీ కాదన్నట్టు. నిజానికి అత్త వాకిట్లోకి పోయినప్పుడల్లా ఎప్పటినుంచో పిల్లలకి చెప్తున్నది వదినే.

మరుసటి రోజు వీధిలో మగ్గాలు ఒక్కొక్కటీ మొదలయ్యాయి. అన్న మగ్గం మాత్రం ఆగే ఉంది, కొట్టువాళ్లు ముందు పంపిన పాత పడుగు చివరికొచ్చింది. వేలూరు కొట్టు నుంచి కొత్త పడుగు వచ్చి చుట్టగా పక్కనే ఉంది. నేను వెళ్లేసరికి వదిన మగ్గం ముందు కాళ్లు ముడుచుకుని కూర్చుని పోగులు అతుకుతోంది. పక్కన కొబ్బరి చిప్పలో బూడిద. వేళ్ల కొసలు బూడిదలో అద్ది, అయిపోవస్తున్న పాత పడుగులోంచి ఒక పోగు, కొత్త పడుగులోంచి ఒక పోగు తీసి, చివరా చివరా కలిపి బొటనవేలితో ఒక్క మెలి తిప్పి వదిలేస్తోంది. ముడి లేదు. వందల పోగులు అట్లాగే అతకాలి. "కూర్చో మరిదీ," అన్నది తల ఎత్తకుండా. కూర్చున్నాను. పెంకుల సందులోంచి పడిన ఎండలో మెరూన్ పోగులు వరసగా సాగి ఉన్నాయి. ఎక్కడిదాకా పాతవో, ఎక్కడినుంచి కొత్తవో, బూడిద తెల్లగా అంటిన చోటే తెలుస్తోంది.